హైకోర్టు న్యాయమూర్తి పీఠానికి జిల్లా కోర్టు నుంచి దారి ఉందా?

నాగావళి_జూనియర్ (శ్రీకాకుళం)

పెద్దలకూ తోటి న్యాయవాదులకూ నమస్కారం. నేను విజయనగరంలో న్యాయశాస్త్రం చదివి, శ్రీకాకుళం జిల్లా కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను. మా ఆఫీసుకు వచ్చే పనిలో ఎక్కువ భాగం భూమి తగాదాలు, భాగపరిష్కారం దావాలు, మనోవర్తి పిటిషన్లు, చెల్లని చెక్కుల కేసులు. మా వంశంలో ఇదివరకు కోర్టు గుమ్మం తొక్కినవారంతా వాదులుగానో ప్రతివాదులుగానో తొక్కినవారే తప్ప, నల్లకోటు వేసుకున్నవారు ఎవరూ లేరు.

కొద్దిరోజుల కిందట బార్ రూములో న్యాయమూర్తుల నియామకాల మీద మాట వచ్చినప్పుడు, హైకోర్టు న్యాయమూర్తి పదవి హైకోర్టు ఉన్న చోట ప్రాక్టీసు చేసేవారికీ, ఆ రంగంలో పాతుకుపోయిన కుటుంబాలకూ చెందినదనీ, మన జిల్లావారు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష పాసైతే అదే పదివేలనీ ఒక పెద్దాయన అన్నారు. ఆయన అనుభవాన్ని నేను గౌరవిస్తాను, కాని ఆ మాటను అలాగే ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. కింది కోర్టులో మొదలుపెట్టినవారు హైకోర్టు న్యాయమూర్తి కావడానికి నిజంగా ఉన్న దారులు ఏవి, వాటికి ఎన్నేళ్లు పడుతుంది, ఆ పదవిలోకి వెళ్లిన తరువాత న్యాయమూర్తి జీవితం ఎలా ఉంటుంది అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

ఇందులో నా ఆశ ఒక్కటే కాదు, ఈ ప్రాంతం గురించిన ఆలోచన కూడా ఉంది. ఇక్కడి ఇనాం భూమి కేసో, ఏజెన్సీలో భూబదలాయింపు కేసో హైకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ చట్టం ఏ మనుషుల కోసం పుట్టిందో దగ్గరగా చూసిన న్యాయమూర్తి ఒకరు అక్కడ ఉంటే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చంపావతి_విశ్రాంత (విజయనగరం, విశ్రాంత న్యాయాధికారి)

అమ్మా, మీ ప్రశ్న చదివి సంతోషించాను. జూనియర్ సివిల్ జడ్జిగా చేరి జిల్లా జడ్జి హోదాలో విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక, సర్వీసు వైపు దారి గురించి నాకు తెలిసినంత చెబుతాను. బార్ వైపు దారిని, అంటే న్యాయవాదిగా ఉంటూ వెళ్లే దారిని, అక్కడ ప్రాక్టీసు చేస్తున్నవారు చెబితే బాగుంటుంది.

రాజ్యాంగంలోని 217వ అధికరణం హైకోర్టు న్యాయమూర్తికి పెట్టిన అర్హతలు చాలా కొద్ది. భారత పౌరులై ఉండాలి. పదేళ్లు న్యాయాధికార పదవిలో పనిచేసి ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగా ఉండాలి. ఊరు, ఇంటిపేరు, తండ్రి వృత్తి ఆ అధికరణంలో ఎక్కడా లేవు. ఆచరణలో మాత్రం మొత్తం స్థానాల్లో సుమారు మూడింట రెండు వంతులు న్యాయవాదులతోనూ, ఒక వంతు న్యాయాధికారులతోనూ నింపే సంప్రదాయం ఉంది. మన రాష్ట్ర హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తుల సంఖ్య 37. అంటే రాష్ట్రంలోని అన్ని జిల్లాల జడ్జీలూ కలిసి ఎదురుచూసేది పన్నెండు స్థానాల కోసం.

కాబట్టి సర్వీసులో చేరేవారికి మొదటి అడ్డంకి పుట్టిన ఊరు కాదు, వయసు. ఈ లెక్కను చాలామంది చేరిన ఎన్నో ఏళ్లకు గాని గమనించరు. ఇరవై ఏడో ఏట జూనియర్ సివిల్ జడ్జి అయిన మనిషి, సీనియర్ సివిల్ జడ్జిగా పదోన్నతి పొంది, అక్కడి నుంచి జిల్లా జడ్జి హోదాకు చేరి, ఆ జాబితాలో పైవరుసకు వచ్చేసరికి సాధారణంగా యాభై ఏడు, యాభై ఎనిమిది ఏళ్లు నిండుతాయి. హైకోర్టు న్యాయమూర్తి పదవీ విరమణ వయసు 62. అప్పటికి మిగిలేది నాలుగైదేళ్లు. ఆ నాలుగైదేళ్లలో సీనియారిటీ పెరిగి, న్యాయమూర్తుల పేర్లు సిఫారసు చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియంలో కూర్చోవడం గాని, ప్రధాన న్యాయమూర్తి కావడం గాని దాదాపు జరగదు. అందుకే సర్వీసు నుంచి వెళ్లినవారి పేర్లు జనంలో అంతగా వినబడవు. వారి తీర్పులు తక్కువ రకానివి కావడం వల్ల మాత్రం కాదు.

ఈ దారిని తగ్గించే మార్గాలు రెండున్నాయి. ఏడేళ్లు న్యాయవాదిగా పనిచేసినవారు జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా పోటీ పడవచ్చని 233వ అధికరణం చెబుతుంది. ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్లకే జిల్లా జడ్జి అయినవారికి హైకోర్టుకు చేరే అవకాశమూ, చేరాక మిగిలే కాలమూ సహజంగానే ఎక్కువ. ఇంతకాలం ఈ పోటీ న్యాయవాదులకు మాత్రమే ఉండేది. 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం న్యాయవాదిగా చేసిన కాలమూ, న్యాయాధికారిగా చేసిన కాలమూ కలిపి ఏడేళ్లు ఉన్నవారు కూడా ఈ పోటీకి అర్హులేనని తీర్పు చెప్పింది. కనీస వయసు 35 ఏళ్లని కూడా అందులోనే ఉంది. రెండో మార్గం సీనియర్ సివిల్ జడ్జీలకు జిల్లా జడ్జి పదోన్నతి కోసం పెట్టే పరిమిత పోటీ పరీక్ష. 2010 తరువాత పది శాతానికి కుదించిన ఈ కోటాను 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ 25 శాతానికి పెంచింది. నా తరానికి ఈ రెండు తలుపులూ ఇంత విశాలంగా తెరిచి లేవు, మీకు ఉన్నాయి.

సర్వీసు దారిలో ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి జస్టిస్ ఫాతిమా బీవీ గారి జీవితం చాలు. ఆమె 1950లో న్యాయవాదిగా నమోదై, 1958లో కేరళలో మున్సిఫ్‌గా, అంటే నేటి జూనియర్ సివిల్ జడ్జి వంటి పదవిలో, చేరారు. 1968లో సబార్డినేట్ జడ్జి, 1972లో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్, 1974లో జిల్లా సెషన్స్ జడ్జి, 1980లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ సభ్యురాలు, 1983లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. హైకోర్టులో పదవీ విరమణ చేసిన కొన్ని నెలలకే, 1989 అక్టోబరులో, సుప్రీంకోర్టులో అడుగుపెట్టిన మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా వెళ్లిన ప్రయాణం అది. ఆమెకు ముందు అదే ప్రాంతంలో అన్నా చాందీ గారు 1937లో తిరువాన్కూరులో మున్సిఫ్‌గా మొదలై, 1959లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయి, దేశంలో హైకోర్టు పీఠమెక్కిన తొలి మహిళగా నిలిచారు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఆ గౌరవం 1978లో జస్టిస్ అమరేశ్వరి గారికి దక్కింది.

మరొక మాట. కింది కోర్టులో గడిపిన కాలాన్ని మెట్టుగా మాత్రమే చూడకండి. కాలిన గాయాలతో ఉన్న మనిషి దగ్గర మరణ వాంగ్మూలం తీసుకోవడానికి అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లిన మేజిస్ట్రేటుకు, ఆ మనిషి స్పృహలో ఉన్నాడని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ విలువ ఏమిటో ఎవరూ బోధించనవసరం లేదు. అప్పీలులో ఆ వాంగ్మూలం నాలుగు టైపు పేజీలుగా హైకోర్టు ముందుకు వస్తుంది. ఆ పేజీల వెనుక ఏం జరిగి ఉంటుందో ఊహించగలిగేది అలాంటి రాత్రి గడిపిన న్యాయమూర్తే.

వంశధార_నేలపాడు (స్వస్థలం టెక్కలి, హైకోర్టు న్యాయవాది)

పెద్దలు సర్వీసు దారిని చక్కగా వివరించారు. నేను బార్ వైపు నుంచి చెబుతాను. మీ బార్ రూములో పెద్దాయన అన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం సరికాదు.

న్యాయవాదుల నుంచి న్యాయమూర్తిని ఎంపిక చేసే క్రమం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర మొదలవుతుంది. ఆయన తన తరువాతి ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులతో సంప్రదించి పేర్లు పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం, కేంద్ర నిఘా విభాగం నివేదిక జతపడ్డాక, ఆ పేర్లు కేంద్ర న్యాయశాఖ ద్వారా సుప్రీంకోర్టు కొలీజియానికి చేరతాయి. అక్కడ ఆమోదం పొందిన పేర్లకు రాష్ట్రపతి నియామక పత్రం ఇస్తారు, గవర్నర్ ప్రమాణం చేయిస్తారు. ఈ పద్ధతి 1993, 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పులతో స్థిరపడింది. దాని స్థానంలో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను తెచ్చిన 99వ రాజ్యాంగ సవరణను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ పద్ధతిలో దరఖాస్తు లేదు, పరీక్ష లేదు. మీ వాదన విన్న న్యాయమూర్తులకు మీ పేరు గుర్తుండటం ఒక్కటే మొదటి మెట్టు. జిల్లా కోర్టులో ఎంత గొప్ప క్రాస్ ఎగ్జామినేషన్ చేసినా అది ఆ ముగ్గురి చెవిన పడదు. చివరి జిల్లాలవారు వెనుకబడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. దీన్ని పద్ధతిలోని లోపంగానే నేను భావిస్తాను, మన ప్రాంతపువారి సామర్థ్యంలో లోపంగా ఎన్నటికీ ఒప్పుకోను.

దూరం కూడా చిన్న విషయం కాదు. మన తాతల కాలంలో గంజాం, విశాఖ జిల్లాల అప్పీళ్లు మద్రాసు వెళ్లేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జులైలో గుంటూరులో హైకోర్టు వెలిసింది. రెండేళ్లు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 1956 నవంబరులో అది హైదరాబాదు చేరింది. 2019 జనవరి 1న మన రాష్ట్రానికి ప్రత్యేక హైకోర్టు ఏర్పడి, ఇప్పుడు అమరావతిలోని నేలపాడులో పనిచేస్తోంది. ఆమదాలవలసలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి విజయవాడలో దిగవచ్చు. అందువల్ల కనీసం మీ ఆఫీసు నుంచి వెళ్లే రెండో అప్పీళ్లు, రివిజన్లు, బెయిలు పిటిషన్ల విషయంలో, అక్కడి న్యాయవాదికి కట్ట అప్పగించి వచ్చేయకుండా, ఆయన పక్కన కూర్చుని నోట్సు అందించండి. కొన్నాళ్లకు చిన్న పిటిషన్లలో మీరే నిలబడండి. ఆన్‌లైన్ ఫైలింగ్, వీడియో ద్వారా హాజరు వంటి సౌకర్యాలు వచ్చాక ఇది మునుపటికంటే సులువు.

గుంటూరులో హైకోర్టు నెలకొల్పిన రోజుల్లో దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారి వృత్తి జీవితాన్ని మీరు తప్పక చదవాలి. 1902లో రాజమహేంద్రవరంలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా పనిచేసి, తిరిగి బార్‌లోకి వచ్చి పేరు తెచ్చుకున్నారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి, 1954లో ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1958లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒక హైకోర్టును భవనం దగ్గర నుంచి రిజిస్ట్రీ దాకా మొదటి నుంచి నిలబెట్టే పని ఎందరికో దక్కేది కాదు.

ఆయన వెలుగు నాకు ఎక్కువగా కనిపించేది మెజారిటీతో విభేదించి రాసిన తీర్పుల్లో. పోలీసులు ఒక పౌరుడి ఇంటిమీద రాత్రిపూట నిఘా పెట్టడం మీద వచ్చిన ఖరక్ సింగ్ కేసులో, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన 1962లోనే రాశారు. అప్పుడు అది మైనారిటీ అభిప్రాయం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు, ఆ పాత భిన్నాభిప్రాయమే సరైనదని తేల్చింది. ఒక న్యాయమూర్తి మైనారిటీలో ఉండి రాసిన మాట అర్ధశతాబ్దం దాటాక దేశపు చట్టమైంది.

రాజాం_పాఠకుడు (రాజాం)

నేను న్యాయవాదిని కాను, ఉపాధ్యాయుణ్ణి. మా మేనకోడలు అమెరికాలో ఉంటుంది. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత సుప్రీంకోర్టు ఉందనీ, చాలా రాష్ట్రాల్లో ఆ న్యాయమూర్తుల పేర్లు ఓటర్ల ముందుకు వస్తాయనీ చెబితే ఆశ్చర్యపడి కొంత చదివాను. మిస్సోరి రాష్ట్రంలో 1940 నుంచి ఒక సంఘం పేర్లు ఎంపిక చేసి ఇస్తే గవర్నర్ నియమిస్తారు, తరువాత ఆ న్యాయమూర్తిని కొనసాగించాలా వద్దా అన్నది ప్రజలు ఓటేసి చెబుతారు. కాలిఫోర్నియాలో 1986లో ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌ను ఓటర్లు ఇలాగే పదవి నుంచి తప్పించారు. మరణశిక్షలను ఆమె ఒప్పుకోకపోవడమే ఆ ప్రచారంలో ప్రధానాంశం. రోడ్ ఐలండ్‌లో మాత్రం నియామకం జీవితాంతం. మన హైకోర్టు న్యాయమూర్తులకు ఈ బెడద లేదు కదా, మరి వారు తప్పు చేస్తే అడిగేవారెవరు అన్నది నా సందేహం.

నాగావళి_జూనియర్ (శ్రీకాకుళం)

ఇంత ఓపికగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. వయసు లెక్క నేను ఇంతవరకు ఆలోచించనిది. రాజాం మాస్టారు గారు అడిగిన సందేహం నాకూ ఉంది. దానితోపాటు, న్యాయమూర్తి అయిన తరువాత రోజువారీ పని ఎలా ఉంటుంది, ఇంటివారి మీద దాని ప్రభావం ఏమిటి, సొంత జిల్లాతో సంబంధం ఏమవుతుంది అన్నవి కూడా విశ్రాంత న్యాయాధికారి గారు చెప్పగలరా? ఈ ప్రాంతపు కేసుల గురించి నేను మొదట రాసిన ఆశ సరైనదేనా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

చంపావతి_విశ్రాంత (విజయనగరం, విశ్రాంత న్యాయాధికారి)

ముందు మాస్టారు గారి సందేహానికి. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే పార్లమెంటు ఉభయసభల్లోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అదీ రుజువైన దుష్ప్రవర్తన లేదా అసమర్థత మీద మాత్రమే. తీర్పు నచ్చలేదన్న కారణంతో తొలగించే వీలు లేదు. తీర్పు తప్పయితే అప్పీలు ఉంది, దిద్దడానికి సుప్రీంకోర్టు ఉంది. జనం ఆగ్రహానికి భయపడి ముద్దాయికి ఉరి వేసే పరిస్థితి న్యాయమూర్తికి రాకూడదు కనుక, ఈ రక్షణ ఇంత గట్టిగా ఉండటమే మంచిదని నేను నమ్ముతాను.

అయినా ఆ రక్షణకు ఒక పక్క సందు ఉంది. 222వ అధికరణం కింద న్యాయమూర్తిని ఒక హైకోర్టు నుంచి మరొక హైకోర్టుకు బదిలీ చేయవచ్చు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, దేశవ్యాప్తంగా పదహారుమంది న్యాయమూర్తులు ఇలా బదిలీ అయ్యారు. గుత్తిలో పుట్టి మన హైకోర్టులో పనిచేస్తున్న జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు అప్పుడే పంజాబ్, హర్యానా హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆయన 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. జాతీయ గీతం పాడలేదని బడి నుంచి పంపివేసిన పిల్లల పక్షాన 1986లో తీర్పు చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించింది ఆయనే. బదిలీ ఆయన కలాన్ని మెత్తబరచలేదు. ఇప్పుడు బదిలీలు కొలీజియం సిఫారసు మీద జరుగుతాయి. అయినా ఇంటివారికి అది ఇల్లు కదిలించే మాటే. భాష తెలియని రాష్ట్రంలో, పిల్లల చదువుల మధ్యలో, అరవైకి దగ్గరపడిన వయసులో కాపురం మార్చవలసి రావచ్చు. ఇందుకు ముందే సిద్ధపడాలి.

రోజువారీ పని గురించి బయటివారికి తెలిసేది కోర్టు హాల్లో కనబడే అయిదారు గంటలే. ఏ న్యాయమూర్తి ఏ రకం కేసులు వినాలన్నది ప్రధాన న్యాయమూర్తి రోస్టర్ ద్వారా నిర్ణయిస్తారు. ఒక కాలంలో ప్రభుత్వ చర్యలను సవాలు చేసే రిట్ పిటిషన్లు, మరొక కాలంలో క్రిమినల్ అప్పీళ్లు, ఇంకొక కాలంలో భూసేకరణ పరిహారాలు, ఇలా మారుతుంటుంది. మర్నాటి జాబితా సాయంత్రానికి వస్తుంది, కట్టలు ఇంటికి చేరతాయి, వాటిని చదవకుండా మర్నాడు కూర్చోవడం కక్షిదారుకు ద్రోహమే. రిజర్వు చేసిన తీర్పులు రాయడం శని, ఆదివారాల పని. దీనికి తోడు 235వ అధికరణం కింద కింది కోర్టులన్నిటి మీద అజమాయిషీ హైకోర్టుదే కనుక, ఒక్కొక్క జిల్లాను ఒక్కొక్క న్యాయమూర్తి పర్యవేక్షిస్తారు. మేము కింది కోర్టుల్లో పనిచేసే రోజుల్లో మా రహస్య నివేదికలు, సెలవులు, కోర్టు భవనాల మరమ్మతులు, సిబ్బంది మీద ఫిర్యాదులు అన్నీ ఆ న్యాయమూర్తి బల్ల మీదికే వెళ్లేవి. ఈ పాలనాపరమైన పనిలో, సర్వీసు నుంచి వచ్చిన న్యాయమూర్తికి సాటి లేదని నేను గట్టిగా చెప్పగలను. తాలూకా కోర్టులో సాక్షి కూర్చోవడానికి బెంచీ లేకపోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఒంటరితనం కూడా ఈ పదవిలో భాగమే. 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ కలిసి ఆమోదించిన న్యాయజీవన విలువల పత్రంలో పదహారు అంశాలున్నాయి. బార్ సభ్యులతో, ముఖ్యంగా అదే కోర్టులో ప్రాక్టీసు చేసేవారితో సన్నిహితంగా మెలగకూడదు. దగ్గరి బంధువు న్యాయవాది అయితే తన ముందు హాజరు కానివ్వకూడదు, తన ఇంటిని ఆ వృత్తికి వాడుకోనివ్వకూడదు. కుటుంబం, స్నేహితులు తప్ప ఇతరుల నుంచి కానుకలు తీసుకోకూడదు. రాజకీయ విషయాల మీద బహిరంగంగా అభిప్రాయం చెప్పకూడదు. మన వైపు పెళ్లిళ్లకూ, గ్రామదేవత పండుగలకూ, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ ఊరంతా కలిసినప్పుడు, పలకరించేవారిలో రేపటి కక్షిదారు ఎవరో తెలియదు. కొంత దూరం పాటించక తప్పదు. ఆ దూరం చూసి గర్వమని అనేవారు ఉంటారు, ఇంట్లోవారు ముందుగా ఆ మాట పడతారు.

జీతం సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. 2016 జనవరి 1 నుంచి అమలైన మార్పు ప్రకారం హైకోర్టు న్యాయమూర్తి నెల జీతం 2,25,000 రూపాయలు, ప్రధాన న్యాయమూర్తికి 2,50,000. బాగా నడిచే ప్రాక్టీసు ఉన్న న్యాయవాదికి ఇది ఆదాయం తగ్గడమే, మనలాంటి ఇళ్లవారికి గౌరవంగా బతకడానికి చాలు. శాశ్వత న్యాయమూర్తిగా పనిచేసినవారు విరమణ తరువాత సుప్రీంకోర్టులోనూ, ఇతర హైకోర్టుల్లోనూ తప్ప మరెక్కడా వాదించకూడదని 220వ అధికరణం చెబుతుంది. అంటే సొంత జిల్లాలో మళ్లీ గౌను వేసుకోవడం కుదరదు.

సుబ్బారావు గారి గురించి నేలపాడు మిత్రులు రాసినదంతా నిజమే. అయితే 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరించలేదని ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు నిలిచిన తీర్పు చెప్పి, ఆ ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ఆయన నిజాయితీని నేను శంకించను. కాని పీఠం దిగిన వెంటనే ఎన్నికకు నిలబడితే, అప్పటిదాకా రాసిన తీర్పులను కూడా జనం ఆ కంటితోనే చూడటం మొదలుపెడతారు. అంతటి న్యాయమూర్తి ఆ అవకాశం ఇవ్వకుండా ఉండవలసిందన్నది నా అభిప్రాయం. న్యాయమూర్తి వృత్తి జీవితంలో విరమణ తరువాతి నిర్ణయాలు కూడా భాగమేనని చెప్పడానికే ఇది ప్రస్తావించాను.

ఇక మీ ఆశ సరైనదేనా అన్నారు. సరైనదే, ఒక హద్దుతో. ఏజెన్సీ ప్రాంతపు 1959 నాటి భూబదలాయింపు నిబంధననూ, 1970లో దానికి జరిగిన సవరణనూ తీసుకోండి. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, అది కాదని రుజువయ్యేదాకా చట్టం భావిస్తుంది. సీతంపేట, పార్వతీపురం వైపు ఈ కేసులు సివిల్ కోర్టుకు కాకుండా రెవెన్యూ అధికారుల ముందుకు వెళ్లి, అక్కడి నుంచి రిట్ రూపంలో హైకోర్టుకు చేరతాయి. ఆ నిబంధన ఎందుకంత కఠినంగా ఉందో, సవర, జాతాపు కుటుంబాల చేతుల్లోంచి భూమి ఎలా జారిపోయిందో చూసిన న్యాయమూర్తి ఆ ఫైలును తొందరపడి మూసివేయరు. అలాగే విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాక మిగిలిన రైత్వారీ పట్టా వివాదాలు, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో రాసుకున్న పాత దస్తావేజులు, ఇవన్నీ ఇక్కడ పెరిగినవారికి త్వరగా అర్థమవుతాయి. కాని ఆ జ్ఞానం సాక్ష్యాన్ని అర్థం చేసుకోవడానికే పనికిరావాలి, సాక్ష్యానికి బదులుగా నిలబడకూడదు. రికార్డులో లేని విషయం తనకు సొంతంగా తెలిసినా న్యాయమూర్తి దాని మీద తీర్పు రాయకూడదు. భయం గాని, పక్షపాతం గాని, రాగద్వేషాలు గాని లేకుండా అన్న ప్రమాణంలో సొంత జిల్లా మీద ప్రేమ కూడా కలిసే ఉంది.

పాలకొండ_కోర్టు_విశ్రాంత (పాలకొండ, విశ్రాంత కోర్టు ఉద్యోగి)

నేను బెంచి క్లర్కుగా చాలామంది న్యాయాధికారుల దగ్గర పనిచేశాను. పెద్దల మాటలకు ఒక్కటే చేర్చాలని ఉంది. కింది కోర్టు కట్ట ఎలా తయారైతే హైకోర్టు తీర్పు అలా ఉంటుంది. దస్తావేజుకు ఎగ్జిబిటు నంబరు వేయకపోవడం, అభ్యంతరం చెప్పినప్పుడు దాన్ని నమోదు చేయకపోవడం, సవర భాష మాత్రమే మాట్లాడే సాక్షికి దుబాసీని పిలవకుండా పక్కనున్నవారి చేత చెప్పించడం, ఇలాంటివి ఆ పూటకు చిన్నవిగానే కనబడతాయి. ఏళ్ల తరువాత అప్పీలులో అవే పెద్దవవుతాయి, కేసు మళ్లీ కింది కోర్టుకు తిరిగి వస్తుంది, అప్పటికి సాక్షుల్లో కొందరు ఉండరు. పైకోర్టుల్లో మెప్పు పొందిన న్యాయాధికారులను నేను చూశాను. వారంతా సాక్షి నోటి మాటను తొందరపెట్టకుండా విని, స్టెనోకు చెప్పే ముందు ఒకసారి సాక్షిని అడిగి సరిచూసుకునేవారు. అమ్మాయిగారు ఏ దారిలో వెళ్లినా, ఈ అలవాటు జూనియర్‌గా ఉన్నప్పుడే చేసుకుంటే మంచిది.

నాగావళి_జూనియర్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారాలు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ఇప్పుడు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అంటున్నారు. నాకు అది పూర్తికావడానికి ఇంకా కొంతకాలం ఉంది. ఆ కాలాన్ని ఏ తేదీ నుంచి లెక్కిస్తారో, ఏ రుజువు చూపాలో చెబితే ఇప్పటినుంచే జాగ్రత్తపడతాను.

వంశధార_నేలపాడు (స్వస్థలం టెక్కలి, హైకోర్టు న్యాయవాది)

2025 మే 20 నాటి తీర్పు ప్రకారం ఆ మూడేళ్లను మీరు బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా నమోదైన తేదీ నుంచి లెక్కిస్తారు, ఆలిండియా బార్ పరీక్ష పాసైన తేదీ నుంచి కాదు. కనీసం పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని మీ జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని కూడా ఈ మూడేళ్లలో కలుపుకోవచ్చు. కాబట్టి మీ వకాల్తాలో మీ పేరు, నమోదు సంఖ్య తప్పక ఉండేలా సీనియర్ గారిని అడగండి, హాజరైన వాయిదాల ఉత్తర్వుల నకళ్లు దాచుకోండి. రాత పరీక్షలో తెలుగు, ఇంగ్లీషుల మధ్య అనువాదం కూడా ఉంటుంది కనుక, రోజూ ఒక వాంగ్మూలాన్ని రెండు భాషల్లోనూ రాసి మీ సీనియర్ గారికి చూపించండి. పరీక్షకు చదువుతూనే హైకోర్టు పనిని వదలకండి. ముప్పై అయిదేళ్లు నిండేనాటికి జిల్లా జడ్జి పోటీ కూడా మీ ముందు ఉంటుంది, అప్పటికి ఏడేళ్లు ఏ వైపు గడిపినా లెక్కలోకి వస్తాయి.